పొద్దుటి చీటీ: రోజుకో రచయితను తలచుకుని, మనమూ నాలుగు వాక్యాలు రాయడం ఎలా

"ఈ తేదీలన్నీ మీకు ఎక్కడ దొరుకుతాయండీ?" అని ఒకరు. "ఉద్యోగం చేసుకుంటూ రోజూ ఎలా కుదురుతుంది?" అని ఇంకొకరు. "మా కాలనీలో రాసే సరదా ఉన్నవాళ్లం ఐదారుగురం ఉన్నాం, మేమూ మొదలుపెట్టొచ్చా?" అని మొన్న అంబత్తూరు నుంచి ఒకావిడ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు నొప్పెట్టింది. అందుకని మొదటి నుంచీ ఇక్కడ రాసేస్తున్నాను.

ఇదేమిటో తెలియనివాళ్లకు ముందు రెండు ముక్కలు. చెన్నైలో ఉంటూ తెలుగులో రాయాలని తాపత్రయపడేవాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. పెరంబూరులో రైల్వే పెన్షనరు ఒకాయన, షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇద్దరు, క్రోంపేటలో ట్యూషన్లు చెప్పే అక్క, ఇలా తలో మూల. రోజూ పొద్దున ఆరున్నరకు మా వాట్సాప్ గ్రూపులో ఒక చీటీ పడుతుంది. అదే తేదీన తెలుగు సాహిత్యంలో జరిగిన ఒక సంగతి, దాని కింద రాసేవాళ్లకు ఒక చిన్న పని. రాత్రి పడుకునేలోపు వీలైనవాళ్లు నాలుగు వాక్యాలు రాసి పెడతారు. అంతే. మద్రాసులో చీటీ అంటే వేరే అర్థం కూడా ఉంది కదా, పక్కింటావిడ "నెలకి ఎంత కట్టాలి, పాట ఎప్పుడు?" అని అడిగింది. అయినా పేరు మార్చలేదు.

ఇలాంటివి చాలామంది మొదలుపెడతారు, నెల తిరక్కుండా ఆపేస్తారు. ఎందుకంటే అవి "నేడు ఫలానావారి జయంతి" దగ్గర మొదలై పూలదండ వేసిన ఫొటోతో ముగిసిపోతాయి. చూసినవాళ్లు ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. తేదీ వంక మాత్రమే. ఆ వంకతో ఆ రచయితది ఒక పేజీ మీరు చదవాలి, ఆ పేజీ పట్టుకుని గ్రూపు చేత ఒక పేరా రాయించాలి. ఈ రెండూ లేకపోతే గోడమీద క్యాలెండరు చాలు, మన కష్టం అక్కర్లేదు.

కావలసినవి

ఒక పాత డైరీ, రోజుకో పేజీ ఉన్నది. ఏ ఏడాదిదైనా ఫరవాలేదు, వారాలతో మనకు పనిలేదు. ఫిబ్రవరి 29 లేకపోతే ఒక కాగితం అంటించండి.

తెలుగు టైపు చేయగలిగే ఫోను. వేళ్లతో కొట్టడం రానివాళ్లు మైకు గుర్తు నొక్కి మాట్లాడినా తెలుగు అక్షరాలు పడతాయి, తర్వాత తప్పులు దిద్దుకోవాలి.

ఒక గ్రంథాలయం. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఉన్న కన్నెమరా లైబ్రరీ 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అది ఒకటి, తెలుగు పుస్తకాలకూ అక్కడ చోటుంది. కేంద్ర సాహిత్య అకాడమీ 'భారతీయ సాహిత్య నిర్మాతలు' పేరుతో వేసిన చిన్న పుస్తకాలు నాలుగైదు కొనుక్కున్నా చాలా రోజులు గడుస్తాయి. తేనాంపేటలో అకాడమీ కార్యాలయం ఉంది.

ఆదివారం రెండు గంటలు, మిగతా రోజుల్లో ఇరవై నిమిషాలు. రోజుకు గంట పెడతానని శపథం చేసినవాళ్లెవరూ ఉగాది నుంచి వినాయక చవితి దాకా నిలవలేదు, నాతో సహా.

చేసే పద్ధతి

1. ముందు ఒక్క నెల నింపండి

సంవత్సరమంతా ఒకేసారి నింపాలని కూర్చోవద్దు. వచ్చే నెల ముప్పై పేజీలు చాలు. తెలుగు వికీపీడియాలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది. 'ఆగస్టు 29' అని వెతికితే ఆ రోజు పుట్టినవాళ్లు, చనిపోయినవాళ్లు, జరిగిన సంఘటనలు కనిపిస్తాయి. అక్కడి నుంచి పేర్లు పెన్సిలుతో డైరీలోకి ఎక్కించండి. పెన్సిలు అని ఎందుకన్నానో రెండో మెట్టులో తెలుస్తుంది.

ఒకే తేదీకి ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఫిబ్రవరి 24 చూడండి: 1980లో దేవులపల్లి కృష్ణశాస్త్రి, 2011లో ముళ్లపూడి వెంకటరమణ, ఇద్దరూ ఆ రోజే వెళ్లిపోయారు, ఇద్దరూ ఈ ఊళ్లోనే. ఆగస్టు 31న 1925లో ఆరుద్ర పుట్టారు, 2014లో బాపు పోయారు. ఇద్దరున్నారు కదా అని ఇద్దరినీ ఒకే చీటీలో కుక్కకండి. ఈ ఏడాది ఒకరు, వచ్చే ఏడాది ఇంకొకరు. డైరీ ఎక్కడికీ పోదు.

ఏమీ దొరకని రోజులూ ఉంటాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

2. తేదీని రెండు చోట్ల చూడండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

రెండు చోట్లంటే ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకోని రెండు చోట్లు. ఫార్వర్డు మెసేజీలు పది వచ్చినా అవన్నీ ఒకటే. ఒకటి వికీ అయితే, రెండోది అచ్చు పుస్తకం కావాలి: రచయిత సమగ్ర సంపుటం ముందుమాటో, ఆత్మకథో, అకాడమీ పుస్తకమో. రెండూ కలిస్తే పెన్సిలు గీత మీద పెన్నుతో దిద్దండి. కలవకపోతే పెన్సిలులోనే వదిలేయండి.

కలవకపోవడానికి కారణాలు చాలావరకు ఇవే.

పాతతరం వాళ్ల పుట్టినరోజులు తిథుల్లో ఉండేవి. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. 'సాధారణ' 1910లోనూ వచ్చింది, 1970లోనూ వచ్చింది. పైగా ఏడాది మారేది ఉగాదికి. 1910 జనవరిలో పుట్టిన పిల్లాడిది సౌమ్య నామ సంవత్సరం, అదే ఏడాది మేలో పుట్టినవాడిది సాధారణ. ఇంకో చిక్కు, మనకు రోజు మొదలయ్యేది సూర్యోదయంతో, ఇంగ్లీషు తేదీ మారేది అర్ధరాత్రి. తెల్లవారుజామున పుట్టినవాళ్లకు ఒకరోజు అటో ఇటో అయ్యేది అందుకే. తిథిని తేదీగా మార్చాల్సి వస్తే ఎల్.డి. స్వామికన్ను పిళ్లై తయారుచేసిన 'ఇండియన్ ఎఫిమెరిస్' ఉంది, మన మద్రాసులోనే 1922లో అచ్చయింది. పట్టికలు చూడడం మొదట్లో తలనొప్పే. నేను నేర్చుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. మీకు అంత ఓపిక లేకపోతే ఆ పుట్టినరోజును వదిలేసి వేరే తేదీ పట్టుకోండి.

రెండో కారణం బడి. చేర్పించేటప్పుడు పంతులు రాసుకున్న తేదీ ఒకటి, ఇంట్లో అమ్మ చెప్పే తేదీ ఒకటి. ఇది మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నదే.

శ్రీశ్రీ సంగతే తీసుకోండి. ఎక్కువ చోట్ల 1910 ఏప్రిల్ 30 అని ఉంటుంది, వేరే తేదీ వాదించినవాళ్లూ ఉన్నారు. శ్రీపెరంబుదూరులో పుట్టిన పరవస్తు చిన్నయసూరికి పుట్టిన ఏడాదే 1806 అని కొందరు, 1809 అని కొందరు. ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే, చనిపోయిన తేదీని పట్టుకుంటాను. అప్పటికి మనిషి పేరున్నవాడు, పత్రికల్లో వార్త వచ్చి ఉంటుంది. శ్రీశ్రీ 1983 జూన్ 15న మద్రాసులో పోయారన్న దాంట్లో పేచీ లేదు. పుస్తకం తేదీనీ పట్టుకోవచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858.

పత్రిక మీద నెల మాత్రమే ఉంటే నెల మాత్రమే రాయండి. గురజాడ 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరి 'ఆంధ్రభారతి'లో వచ్చింది. దాన్ని ఫిబ్రవరి 1 చేసేయకండి. నెలలో ఏదో ఒక ఖాళీ రోజున "ఈ నెలలో" అని రాస్తే సరిపోతుంది.

ఇక 'మొట్టమొదటి' అనే మాట. ఇది కనపడితే చెయ్యి కాల్చుకున్నట్టే. దిద్దుబాటు తెలుగులో మొదటి కథ అని రాస్తే, భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో వచ్చిందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు, చెప్పాలి కూడా. 1878లో మొదలైన వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' మొదటి నవల అంటే, 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్రము' అడ్డం వస్తుంది. 'మొదటితరం కథల్లో ఒకటి' అని రాయండి, గొడవ ఉండదు. లేదా ఆ గొడవే చీటీగా రాయండి. మా గ్రూపులో అచ్చమాంబ చీటీకి వచ్చినన్ని సమాధానాలు ఇంకే చీటీకీ రాలేదు.

3. ఒక పేజీ చదవండి

ఈ మెట్టు దాటేసి నాలుగోది ఎక్కాలని ప్రతివాళ్లకూ అనిపిస్తుంది. దాటకండి. ఆ రచయిత రాసినదాంట్లోంచి ఒక్క పేజీ, మీ కళ్లతో. ఆయన గురించి ఎవరో రాసిన వ్యాసం లెక్కలోకి రాదు.

పుస్తకం చేతిలో లేకపోతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలల్లో ఉన్నాయి. అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే లేదనుకోవద్దు, నాలుగు రకాలుగా వెతకండి. అచ్చు పుస్తకాలకు ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డులో పాతపుస్తకాల కొట్లున్నాయి. తమిళం, ఇంగ్లీషు గుట్టల కింద అప్పుడప్పుడూ తెలుగు తగులుతుంది. అడిగితే లేదంటారు. మీరే వంగి వెతుక్కోవాలి.

చదువుతూ ఒక్క వస్తువును పట్టుకోండి. ఒక మాట తీరో, ఒక పాత్ర చేసిన పనో, కథ మొదలైన పద్ధతో. డైరీలో తేదీ కింద అది ఒక వాక్యంగా రాసుకోండి. ఆ వాక్యం రాలేదంటే ఇంకో పేజీ చదవాలన్నమాట.

4. చీటీ రాయండి

ఎనిమిది వాక్యాలు మించకూడదు. ఫోను తెర మీద వేలు జరపకుండా కనిపించాలి.

నేను మొదటి ఏడాది రాసిన గిడుగు చీటీ ఇది, సిగ్గు విడిచి చూపిస్తున్నాను: "నేడు వ్యావహారిక భాషోద్యమ పితామహుడు, బహుభాషా కోవిదుడు, తెలుగుజాతి గర్వించదగిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి. ఆ మహనీయునికి ఘన నివాళి."

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి గురించి ఈ భాషలో! ఎవరూ ఏమీ అనలేదు, ఏడు దండాలు వచ్చాయి. మరుసటి ఏడాది ఇలా మార్చాను:

"ఆగస్టు 29. 1863లో ఈ రోజు గిడుగు రామమూర్తి పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అడవిలో మనిషి నోటి మాటకే ఇంత పద్ధతి ఉందని చూసినవాడు, తెలుగువాళ్ల నోటి మాట పుస్తకానికి ఎందుకు పనికిరాదని అడిగారు. 1940 జనవరి 22న మన మద్రాసులోనే చనిపోయారు. ఈ రోజు పని: మీ వీధి అంగట్లోనో షేర్ ఆటోలోనో వినపడిన తెలుగు మాటలు, విన్నవి విన్నట్టు ఐదు వాక్యాలు రాయండి. మధ్యలో సెరి, అప్పురం లాంటి తమిళ మాటలు దొర్లితే దొర్లనివ్వండి."

ఆ రాత్రికి తొమ్మిది మంది రాశారు. పెరంబూరు పెద్దాయన రాసింది టీ కొట్టు దగ్గర ఇద్దరు ముసలాళ్ల పోట్లాట, ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాం.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని తేడా మీరే చూడండి. బిరుదులు పోయాయి, పనులు వచ్చాయి. 'మహనీయుడు' అన్న మాటతో ఎవరూ ఏమీ రాయలేరు. 'సవరల భాష నేర్చుకున్నాడు' అంటే ఏదో ఒకటి కదులుతుంది.

జయంతి, వర్ధంతి అనే మాటలు వాడకపోతే మంచిది. వర్ధంతి అంటే మనం ఇప్పుడు చనిపోయిన రోజుగా వాడుతున్నాం, శృంగేరి మఠం ఆహ్వానాల్లో మాత్రం అది పుట్టినరోజు. ఒకసారి నేను నిద్రమత్తులో ఒక కవిగారి వర్ధంతికి 'హార్దిక శుభాకాంక్షలు' అని పంపాను. పెద్దాయన ఫోన్ చేసి, "ఏమ్మా, ఆయన పోయినందుకా?" అన్నారు. అప్పటి నుంచి 'పుట్టారు', 'చనిపోయారు', అంతే.

5. పని ఇవ్వండి

చీటీకి ప్రాణం ఇదే. పని చిన్నదిగా ఉండాలి, కొలత చెప్పాలి, ఆ రచయిత చేసినదానికి సంబంధం ఉండాలి. "మీకు నచ్చిన అంశంపై రాయండి" అంటే ఎవరూ రాయరు. "మీ స్పందన తెలపండి" అంటే అసలు రాయరు.

మా దగ్గర బాగా పనిచేసినవి కొన్ని చెప్తాను, వాడుకోండి.

ఆగస్టు 13. 1892లో ఆ రోజు విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. అక్కడితో ఆగకుండా గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదే. పని: రెండేళ్ల కిందట మీరు రాసిన పేరా ఒకటి బయటికి తీసి, చూడకుండా మళ్లీ రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. రాయడం మానేద్దామా అని ఊగిసలాడుతున్నవాళ్లకు దీన్ని మించిన మందు నాకు దొరకలేదు. "పదిహేడేళ్లు అదే పని మీద ఉన్నాడాయన, నాకు రెండేళ్లకే విసుగా?" అని క్రోంపేట అక్క మళ్లీ మొదలుపెట్టింది.

ఆగస్టు 17. 1980లో కొడవటిగంటి కుటుంబరావు పోయిన రోజు. 1952 నుంచి చివరిదాకా వడపళని 'చందమామ'లోనే ఉన్నారు, అక్కడ రాసినవాటిలో చాలావాటికి పేరు పెట్టుకోలేదు. పని: ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా రెండు వందల మాటల కథ, పేరు లేకుండా నాకు విడిగా పంపండి. అన్నీ కలిపి గ్రూపులో పెడతాను. ఎవరిదో తెలియకపోతే మొహమాటం పోయి మెచ్చుకోవడం, తప్పు చెప్పడం రెండూ నిజంగా జరుగుతాయి.

జూన్ 24. పాలగుమ్మి పద్మరాజు పుట్టినరోజు, 1915. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన అంతర్జాతీయ కథల పోటీలో ఆయన 'గాలివాన'కు 1952లో రెండో బహుమతి వచ్చింది. పని: 2015 డిసెంబరు వరదల్లోనో, 2016 వర్దా తుఫానులోనో మీరు గడిపిన ఒక్క గంట. ఒక్క గంటే, రోజంతా వద్దు. ఆ గంటలో మీ చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

సెప్టెంబరు 12. మల్లాది రామకృష్ణశాస్త్రి 1965లో ఆ రోజు చనిపోయారు. సాయంత్రాలు టీనగర్ పానగల్ పార్కులో ఆయన చుట్టూ చేరి కబుర్లు వినేవాళ్లట. పని: పార్కుకు వెళ్లి పావుగంట కూర్చుని, ఫోను జేబులో పెట్టుకుని, తర్వాత గుర్తున్నంత రాయండి. ఆ పార్కు పేరు పెట్టిన పానగల్ రాజావారు కూడా తెలుగువారేనని అక్కడ పట్టుచీరల బేరాలాడే మనవాళ్లకు చెప్పినా వినిపించుకునే తీరిక ఉండదు.

పని ఇచ్చిన మీరు కూడా రాయాలి. ఇది నియమం. మీది అందరికన్నా ముందు పెట్టకండి, చివర పెట్టండి. ముందు పెడితే మిగతావాళ్లు దాన్ని చూసి అలాగే రాస్తారు.

6. పంపండి

రాత్రే సిద్ధం చేసి, పొద్దున ఒకే వేళకు పంపండి. అక్షరాలుగా పంపండి, బొమ్మగా వద్దు. బొమ్మలో అక్షరం పెంచుకోవడానికి పెద్దవాళ్లు తంటాలు పడతారు, తర్వాత వెతికితే దొరకదు కూడా.

ఫొటో పెట్టాలనిపిస్తే జాగ్రత్త. నెట్‌లో ఒకరి పేరు కింద ఇంకొకరి ఫొటో తిరుగుతుంటుంది. సముద్రాల అని వెతికితే తండ్రి రాఘవాచార్య కావాలంటే కొడుకు రామానుజాచార్య వస్తారు. నేనైతే ఫొటోలు మానేశాను.

చెన్నైలో ఇంకో అవసరం ఉంది. మన పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ల కోసం చీటీని ఒక నిమిషం ఆడియోగా చదివి పెట్టండి. షోలింగనల్లూరు అమ్మాయి మొదట్లో తన నాలుగు వాక్యాలూ తమిళ అక్షరాల్లో రాసేది. 'గాలి', 'కాలి' రెండూ ఒకేలా ఉండేవి, మేం సందర్భాన్ని బట్టి పోల్చుకునేవాళ్లం. వద్దని ఎవరూ అనలేదు. ఏడో నెలలో తనే తెలుగు గుణింతాలు పట్టుకుంది.

రచన మొత్తం పంపాలనుకుంటే కాపీరైటు చూసుకోండి. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయనవి ఎవరైనా పంచుకోవచ్చు. శ్రీశ్రీవి 2043 చివరిదాకా హక్కుల్లోనే ఉంటాయి. అలాంటివాళ్లవి రెండు పంక్తులతో సరిపెట్టి, పుస్తకం పేరు చెప్పి కొనుక్కోమనండి.

7. వచ్చినవాటికి జవాబు ఇవ్వండి

'సూపర్', 'అద్భుతం' నిషేధం. అందులో ఒక వాక్యం ఎత్తి చూపి, అది ఎందుకు నిలిచిందో చెప్పండి. "ఆ ఇడ్లీకుండ మూత చప్పుడు దగ్గర నాకు వంటిల్లు కనపడింది" అంటే రాసినవాళ్లు రేపు కూడా రాస్తారు. అచ్చుతప్పులు గ్రూపులో దిద్దకండి, విడిగా చెప్పండి. నాలుగు రోజులు రాయనివాళ్లను "ఏమైంది?" అని అడగొద్దు. అడిగితే ఐదో రోజు గ్రూపు వదిలి వెళ్లిపోతారు, నాకు ముగ్గురు అలా వెళ్లారు.

ఏమీ దొరకని రోజులకు

మనుషులు దొరక్కపోతే పత్రికలు, సంస్థలు, చోట్లు పట్టుకోండి. ఈ విషయంలో చెన్నైలో ఉన్నవాళ్లం అదృష్టవంతులం. ఏప్రిల్ 1: బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడ దినపత్రికగా మొదలైంది. ఆగస్టు 15: ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే పుట్టింది. జూన్ 16: అదే ఏడాది మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. మే 27: 1919లో వీరేశలింగం రాజమండ్రిలో కాదు, ఈ ఊళ్లో కన్నుమూశారు. 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఇప్పుడు కోట్టూరుపురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. బ్రౌను దొర సేకరించిన రాతప్రతులు దాంట్లోనే. ఒక శనివారం వెళ్లి రండి, మూడు చీటీలకు సరుకు దొరుకుతుంది.

తరచూ చేసే తప్పులు, సరిచూసుకునే దారి

లెక్క తప్పడం. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921 ఆగస్టు 1న పుట్టి 1966 జూలై 1న పోయారు. 45 ఏళ్లకు పోయారని రాస్తే తప్పు, నెల తక్కువ. '45వ ఏట' అంటే సరి. శతజయంతి దగ్గరా ఇదే పొరపాటు: ఆరుద్రకు నూరేళ్లు నిండింది 2025 ఆగస్టు 31న, నూరో ఏడు మొదలైంది అంతకు ముందటి ఏడాది. పంపేముందు పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, రాసిన వయసు, మూడూ కాగితం మీద తీసివేసి చూడండి.

చెప్పని మాటలు అంటగట్టడం. కొటేషన్ ఎంత బాగుంటే అంత అనుమానించాలి. పుస్తకంలో పేజీ నంబరు చూపించలేకపోతే పెట్టకండి. శ్రీశ్రీ పేరు మీద తిరిగేవాటిలో చాలావాటికి నాకు పేజీ దొరకలేదు.

అందరికీ ఒకే చీటీ సరిపోవడం. పేరు మీద వేలు పెట్టి మూసి చదవండి. ఆ చోట ఇంకో రచయిత పేరు పెట్టినా నడుస్తోందంటే చింపేసి మూడో మెట్టుకు వెళ్లండి.

అంతా కవులే, అంతా మగవాళ్లే, అంతా కోస్తావాళ్లే అయిపోవడం. నెలాఖరున డైరీ తిరగేసి లెక్కపెట్టండి. మొదటి ఏడాది నా డైరీలో జూలై మొత్తం మీద ఒక్క స్త్రీ లేదు. వెతికితే ఉన్నారు, నేను వెతకలేదు.

పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి దండాలు, బొటనవేళ్లు లెక్కపెట్టకండి. వారానికి ఎన్ని పేరాలు వచ్చాయి, చీటీలో చెప్పిన పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఎందరు అడిగారు, ఈ రెండు అంకెలే డైరీ అంచున రాసుకోండి. మాకు వారానికి ఇరవై పేరాలు వస్తే పండగ. పన్నెండు వస్తే మామూలు. ఐదుకు దిగితే పనులు కష్టమైపోయాయని అర్థం, వెంటనే చిన్నవి ఇస్తాను: ఒక వాసన గురించి మూడు వాక్యాలు, అంత చిన్నవి.

మీకు జ్వరమో ప్రయాణమో వస్తే చీటీ ఆపేయొద్దు, ఇంకొకరికి డైరీ పేజీ ఫొటో తీసి పంపండి. మా దగ్గర ఇప్పుడు ఆదివారం చీటీ పెద్దాయనది. ఆయన ఎనిమిది వాక్యాల హద్దు ఏనాడూ పాటించలేదు, ఆయనకు ఎవరు చెప్తారు!

అంటించిన ఆ ఫిబ్రవరి 29 కాగితం మీద నేను కళాక్షేత్రం స్థాపించిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ పేరు రాసి పెట్టుకున్నాను. పుట్టింది 1904లో ఆ రోజే. సాహిత్యంలో ఆవిడకేం పని అంటారేమో, తంజావూరు జిల్లా మెలట్టూరు భాగవతమేళా నాటకాలు తెలుగులో రాసినవి. ఆ పద్ధతి నాటకాలను కళాక్షేత్రంలో వేదిక ఎక్కించింది ఆవిడే. ఏం పని ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు, 2028 దాకా టైముంది.